ఫ్రటర్నిటీలు, సొరోరిటీలు, వాటి చాప్టర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టులో అమెరికా కాలేజీలు తెరిచారంటే చాలు, అక్కడ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ సందేహాలు మొదలవుతాయి. "మావాడు ఏదో ఫ్రాట్‌లో చేరతానంటున్నాడు, ఒప్పుకోవచ్చా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఎంఎస్‌కి వెళ్లినవాళ్లు "గ్రీకు పేరుతో ఈమెయిల్ వచ్చింది, ఫ్రాడా?" అంటారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

## మొదటి రోజులు

అసలు ఫ్రటర్నిటీ అంటే ఏంటి? మన కాలేజీల్లో స్టూడెంట్ యూనియన్ లాంటిదా?

కాదు. యూనియన్‌లో ఎవరైనా చేరొచ్చు. మన దగ్గరైతే దాని వెనక ఏదో ఒక పార్టీ కూడా ఉంటుంది. ఫ్రటర్నిటీ ప్రైవేటు సంఘం. ఉన్న సభ్యులు పిలిస్తేనే కొత్తవాళ్లు చేరాలి. ఒకసారి దీక్ష తీసుకుంటే కాలేజీ అయిపోయాక కూడా సభ్యత్వం జీవితాంతం ఉంటుంది. మగపిల్లలవి ఫ్రటర్నిటీలు, ఆడపిల్లలవి సొరోరిటీలు. కలిసి ఉండటానికి ఒక ఇల్లు, సభ్యులకే తెలిసే కొన్ని ఆచారాలు, ఏటా కట్టే చందా, పైన ఒక జాతీయ కార్యాలయం చాలావాటికి ఉంటాయి.

మొట్టమొదటిది ఎక్కడ పుట్టింది?

వర్జీనియా రాష్ట్రం విలియమ్స్‌బర్గ్‌లోని విలియం అండ్ మేరీ కాలేజీలో, 1776 డిసెంబరు 5న. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి అయిదు నెలలు. జాన్ హీత్ అనే విద్యార్థి, మరో నలుగురు కలిసి ఫై బీటా కప్పా మొదలుపెట్టారు. చర్చలు పెట్టుకోవడం, వ్యాసాలు చదువుకోవడం వాళ్ల పని. ఏ సంగతైనా ప్రొఫెసర్ల భయం లేకుండా మాట్లాడుకోవచ్చన్నదే రహస్యం వెనకున్న అసలు ఆకర్షణ. గుర్తుగా చతురస్రాకారపు చిన్న వెండి పతకం చేయించుకున్నారు. దాని మీద మూడు గ్రీకు అక్షరాలు, ఒక మూల మూడు నక్షత్రాలు, వాటివైపు చూపిస్తున్న చెయ్యి ఉంటాయి. అక్షరాలు, రహస్యం, బ్యాడ్జి, దీక్ష అన్నీ తరవాత వచ్చినవాళ్లు ఇక్కడినుంచి తీసుకున్నవే.

ఆ మొదటి సంఘం యుద్ధంలో మూతపడిందంటారు. మరి ఎలా బతికింది?

చాప్టర్ల వల్ల, అంటే శాఖల వల్ల. ఎలిషా పార్మలీ అనే సభ్యుడు 1779 చివర్లో యేల్, హార్వర్డ్‌లలో శాఖలు పెట్టడానికి అనుమతి పత్రాలు తీసుకున్నాడు. 1780లో యేల్ చాప్టర్, 1781లో హార్వర్డ్ చాప్టర్ మొదలయ్యాయి. ఈలోపు 1781 జనవరిలో బ్రిటిష్ సైన్యం వర్జీనియా మీదకి రావడంతో విలియమ్స్‌బర్గ్‌లో పుట్టిన మూల సంఘమే ఆగిపోయింది. ఆ పత్రాలు ఉత్తరాదికి చేరకపోయి ఉంటే ఫై బీటా కప్పా కథ అయిదేళ్లు తిరక్కుండానే ముగిసేది.

ఫై బీటా కప్పా ఇప్పుడు కూడా రహస్య సంఘమేనా?

కాదు. 1826లో న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మోర్గన్ అనే అతను మాయమైపోయాడు. ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘంవాళ్ల గుట్టు బయటపెడతానన్నందుకు వాళ్లే మాయం చేశారని గగ్గోలు లేచింది. రహస్య సంఘం అన్న మాట వింటేనే జనం మండిపడుతున్న ఆ రోజుల్లో, 1831లో హార్వర్డ్ చాప్టర్ రహస్యాన్ని వదిలేసింది. ఇప్పుడది బాగా చదివే పిల్లల్ని గుర్తించి గౌరవించే సంస్థ. ఇల్లూ పార్టీలూ ఏమీ ఉండవు.

గ్రీకు అక్షరాలే ఎందుకు?

అప్పటి అమెరికా కాలేజీలో గ్రీకు, లాటిన్ రాకపోతే సీటే రాదు. కాబట్టి పిల్లలకి గొప్పగా అనిపించిన భాష అదే. సంఘానికి ఒక రహస్య నినాదం పెట్టుకుని, అందులోని మాటల మొదటి అక్షరాలనే పేరుగా వాడేవాళ్లు. మనం లెక్కల పుస్తకాల్లో చూసిన ఆల్ఫా, బీటా, గామాలే ఇవన్నీ. పేరులో అక్షరాలు అందరికీ తెలిసినా చాలా సంఘాల నినాదం బయటివాళ్లకి ఇప్పటికీ చెప్పరు.

ఇప్పుడు చూస్తున్న తరహా ఫ్రటర్నిటీ ఎక్కడ మొదలైంది?

న్యూయార్క్ రాష్ట్రం షెనెక్టడీలోని యూనియన్ కాలేజీలో. 1825లో కప్పా ఆల్ఫా సొసైటీ, 1827లో సిగ్మా ఫై, అదే ఏడు డెల్టా ఫై. ఈ మూడింటినీ కలిపి యూనియన్ ట్రయాడ్ అంటారు. 1831లో సిగ్మా ఫై పక్కనున్న హామిల్టన్ కాలేజీలో శాఖ తెరిచింది. అది చూసి ఊరుకోలేక హామిల్టన్ కుర్రాళ్లు 1832లో ఆల్ఫా డెల్టా ఫై పెట్టుకున్నారు. ఒకళ్లు శాఖ తెరవడం, దాన్ని చూసి పోటీగా ఇంకోటి పుట్టడం అక్కడినుంచీ అలవాటైపోయింది.

## చాప్టర్ల సంగతి

చాప్టర్ అంటే బ్రాంచేనా?

దాదాపు అంతే. జాతీయ సంస్థ చార్టర్ అనే అనుమతి పత్రం ఇస్తే ఒక కాలేజీలో చాప్టర్ ఏర్పడుతుంది. చార్టర్ రాకముందు పరీక్షా దశలో ఉన్న గుంపుని చాలాకాలం కాలనీ అనేవాళ్లు. ఆ మాట బాగోలేదని ఈమధ్య చాలా సంస్థలు మార్చుకున్నాయి. పేరు, నియమాలు, బ్యాడ్జి, ఇన్సూరెన్స్ పైనుంచి వస్తాయి. ఎవర్ని చేర్చుకోవాలి, ఇంట్లో ఎలా ఉండాలి, కొత్తవాళ్లతో ఎలా మెలగాలి అన్నవి మాత్రం ఆ క్యాంపస్ పిల్లల చేతిలోనే ఉంటాయి. అందుకే "ఫలానా ఫ్రటర్నిటీ మంచిదా?" అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. అదే పేరుతో ఒక ఊళ్లో బుద్ధిమంతులుంటారు, పక్క రాష్ట్రంలో పోలీసు కేసులుంటాయి.

"గామా ఎప్సిలాన్ చాప్టర్" లాంటి పేర్లు ఎలా పెడతారు?

సాధారణంగా పుట్టిన వరసలో. మొదటిది ఆల్ఫా, రెండోది బీటా, అలా 24 అక్షరాలూ అయిపోయాక ఆల్ఫా ఆల్ఫా, ఆల్ఫా బీటా అని జంటలు మొదలవుతాయి. ఫై డెల్టా థీటా లాంటివి రాష్ట్రం పేరు కూడా కలుపుతాయి. ఒహాయో ఆల్ఫా అంటే ఒహాయోలో మొదటిదని. ఒమేగా చివరి అక్షరం కదా, చాలా సంఘాలు దాన్ని ఏ కాలేజీకీ ఇవ్వవు. చనిపోయిన సభ్యులు ఒమేగా చాప్టర్‌లో చేరారని చెప్పుకుంటారు.

చరిత్రలో మయామీ యూనివర్సిటీ పేరు పదే పదే వస్తుంది. అది ఫ్లోరిడాలోదేనా?

కాదు. ఇది ఒహాయో రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఉంది. ఫ్లోరిడా ఇంకా అమెరికాలో రాష్ట్రం కాకముందునుంచీ ఉన్న కాలేజీ. ఇక్కడ పుట్టిన బీటా థీటా పై (1839), ఫై డెల్టా థీటా (1848), సిగ్మా కై (1855) మూడూ దేశమంతా పాకాయి. వీటిని మయామీ ట్రయాడ్ అంటారు. మూడింట్లో రెండు గొడవల్లోంచే పుట్టాయి.

1848 జనవరిలో బాగా మంచు పడింది. కుర్రాళ్లు పెద్ద పెద్ద మంచు ఉండలు దొర్లించుకొచ్చి కాలేజీ ప్రధాన భవనం గుమ్మాలకి అడ్డంగా పేర్చేశారు. తెల్లారి ప్రొఫెసర్లు లోపలికి వెళ్లలేకపోయారు. ప్రెసిడెంటు ఎరాస్మస్ మెక్‌మాస్టర్ ససేమిరా క్షమించనన్నాడు. చాలామందిని కాలేజీనుంచి పంపేశారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికి అక్కడున్న రెండు ఫ్రటర్నిటీల వాళ్లే కావడంతో క్యాంపస్ ఖాళీ అయిపోయింది. ఆ ఖాళీలోనే అదే ఏడాది డిసెంబరు 26న ఫై డెల్టా థీటా పుట్టింది.

సిగ్మా కైది ఇంకా చిన్న తగాదా. డెల్టా కప్పా ఎప్సిలాన్ చాప్టర్‌లో ఒక సభ్యుడు సాహిత్య సంఘానికి ఆస్థానకవిగా పోటీ చేశాడు. మనవాడు కాబట్టి అందరూ వాడికే ఓటెయ్యాలన్నారు. "వాడికి కవిత్వం రాదు, బయటివాడికి వచ్చు" అని నలుగురు అడ్డం తిరిగారు. ఇంకో ఇద్దరు వీళ్లవైపు నిలబడ్డారు. 1855 ఫిబ్రవరిలో రాజీకని ఏర్పాటు చేసిన విందులోనే చాప్టర్ రెండుగా చీలింది. వెళ్లిపోయినవాళ్లు మరొకర్ని కలుపుకుని ఏడుగురై జూన్ 28న కొత్త సంఘం పెట్టారు. ఎదుటి పక్షంలో పట్టుబట్టిన కుర్రాడు వైట్‌లా రీడ్ తరవాత 1892లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశాడు.

ప్రభుత్వాలు వీటిని ఎప్పుడూ నిషేధించలేదా?

చేశాయి. ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీ ఫ్రటర్నిటీ సభ్యులకి అడ్మిషన్ ఇవ్వనంటే, 1882లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అలా కుదరదంది. 1912లో మిసిసిపీ రాష్ట్రం తన కాలేజీల్లో వీటిని చట్టం చేసి మరీ నిషేధించింది. 1915లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆ చట్టాన్ని తరవాత ఎత్తేశారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో కొన్ని ప్రైవేటు కాలేజీలు సొంతంగా వదిలించుకున్నాయి: విలియమ్స్ 1962లో నిర్ణయం తీసుకుంది, ఆమ్‌హర్స్ట్ 1984లో, బోడిన్ 1997లో.

## అమ్మాయిల సంఘాలు

సొరోరిటీలు ఎలా మొదలయ్యాయి?

జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వెస్లియన్ ఫిమేల్ కాలేజీలో 1851లో అడెల్ఫియన్ సొసైటీ, 1852లో ఫిలోమేథియన్ సొసైటీ పుట్టాయి. ఇవే తరవాత ఆల్ఫా డెల్టా పై, ఫై మ్యూ అయ్యాయి. అవి ఆడపిల్లల కాలేజీల్లో సంగతి. మగపిల్లలతో కలిసి చదివేచోట కథ వేరు.

ఇండియానాలోని ఆస్‌బరీ కాలేజీ (ఇప్పటి డిపావ్ యూనివర్సిటీ) 1867లో అమ్మాయిల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. క్లాసులో కుర్రాళ్లు వెక్కిరించడమో, అసలు లేనట్టే చూడటమో చేసేవాళ్లు. బెట్టీ లాక్ లెక్కల ప్రొఫెసరు గారమ్మాయి. ఒక ఫ్రటర్నిటీవాళ్లు ఆవిడకి తమ బ్యాడ్జి ఇచ్చి పెట్టుకోమన్నారు. సభ్యత్వం మాత్రం ఇవ్వరట. అలాగైతే బ్యాడ్జీ వద్దంది. చివరికి వాళ్లు కేకులు పెట్టుకునే ఒక వెండి బుట్ట బహుమతిగా ఇచ్చి సరిపెట్టారు. ఇంట్లో తండ్రి, ఆయన బీటా థీటా పై సభ్యుడు, నువ్వే ఒకటి పెట్టుకోవచ్చుగా అన్నాడు. 1870 జనవరి 27న నలుగురమ్మాయిలతో కప్పా ఆల్ఫా థీటా మొదలైంది. గ్రీకు అక్షరాల పేరుతో ఆడపిల్లలు పెట్టుకున్న తొలి సంఘం ఇదే. దానికి మూడేళ్ల ముందే, 1867లో, ఇలినాయ్‌లోని మన్‌మత్ కాలేజీలో పన్నెండుమంది అమ్మాయిలు పెట్టిన సంఘం తరవాత పై బీటా ఫై అయింది. అది జాతీయ స్థాయికి ఎదగాలన్న ఆలోచనతోనే మొదలైంది.

ఎక్కువమంది అమ్మాయిలు ఒకే ఇంట్లో ఉంటే చట్టరీత్యా తప్పంటారు, నిజమేనా?

వట్టి పుకారు. "వ్యభిచార గృహాల చట్టం వల్ల మా కాలేజీలో సొరోరిటీ ఇళ్లు లేవు" అని క్యాంపస్ క్యాంపస్‌కీ చెప్పుకుంటారు. ఇళ్లు లేకపోవడానికి అసలు కారణం స్థలమో, డబ్బో, కాలేజీ నియమమో అయి ఉంటుంది. పాత సొరోరిటీల ఇళ్లలో మందు ఉండకూడదన్నది మాత్రం నిజం. అది ప్రభుత్వ చట్టం కాదు, వాళ్లు పెట్టుకున్న నియమం.

మగవాళ్లకే, ఆడవాళ్లకే అని సంఘాలు పెట్టుకోవడం వివక్ష కాదా? చట్టం ఎలా ఒప్పుకుంటుంది?

విద్యాసంస్థల్లో ఆడ మగ తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. 1974లో దానికి సవరణ చేసి, సభ్యుల్ని ఎంచుకునే విషయంలో ఇలాంటి సామాజిక సంఘాలకి మినహాయింపు ఇచ్చారు.

## తలుపు మూసి ఉన్నవాళ్లు

డివైన్ నైన్ అంటే ఏంటి?

నల్లజాతి విద్యార్థులు పెట్టుకున్న తొమ్మిది ప్రధాన సంఘాలు. పాత ఫ్రటర్నిటీలు వాళ్లని చేర్చుకునేవి కావు. కొన్నైతే తెల్లవాళ్లకి మాత్రమే అని నియమావళిలోనే రాసుకున్నాయి. కార్నెల్ యూనివర్సిటీలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది నల్లజాతి విద్యార్థులుండేవాళ్లు. చదువులో ఒకరికొకరు సాయంగా ఉండాలని కూడుకున్నవాళ్లే 1906 డిసెంబరు 4న ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించారు. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా వచ్చింది. కమలా హారిస్ ఇందులో సభ్యురాలు, చేరింది కూడా హోవర్డ్‌లోనే. 1913 జనవరిలో అక్కడే 22 మంది అమ్మాయిలు డెల్టా సిగ్మా థీటా పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో జరిగిన మహిళల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. ఆ సంఘం తొలి బహిరంగ కార్యక్రమం అదే.

వీటి ఉమ్మడి మండలి 1930లో హోవర్డ్‌లో ఏర్పడింది. తొమ్మిదోదైన అయోటా ఫై థీటా 1963లో పుట్టింది. ఇక్కడ గ్రాడ్యుయేట్ చాప్టర్లు చాలా బలంగా ఉంటాయి. డిగ్రీ అయ్యాక కూడా ఊళ్లో చాప్టర్ మీటింగులకి, స్కాలర్‌షిప్ పనులకి వెళ్తూనే ఉంటారు. మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టన్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు ఆల్ఫా ఫై ఆల్ఫాలో చేరారు. వాషింగ్టన్‌లో 2011లో తెరిచిన ఆయన స్మారకానికి పట్టుబట్టి, విరాళాలు పోగు చేయడానికి నడుం కట్టింది కూడా ఆ సంఘమే.

పాత ఫ్రటర్నిటీల్లో జాతి అడ్డుగోడలు ఎప్పుడు పోయాయి?

ఒక్కరోజులో పోలేదు, ఎక్కువగా చాప్టర్ స్థాయి పిల్లలే పోట్లాడారు. 1948లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలోని ఫై కప్పా సై చాప్టర్ ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంది. జాతీయ సంస్థ ఆ చాప్టర్‌నే వెలేసింది. పిల్లలు వెనక్కి తగ్గలేదు, సొంతంగా వేరే పేరుతో కొనసాగారు. రాతలో ఉన్న నియమాలు తరవాత రెండు దశాబ్దాల్లో పోయినా అలవాటు అంత త్వరగా పోలేదు. అలబామా యూనివర్సిటీ సొరోరిటీల్లో ఈ గొడవ 2013లో కూడా పత్రికలకెక్కింది.

మన ఇండియన్ పిల్లలకి ప్రత్యేకంగా ఉన్నాయా?

ఉన్నాయి. యూదు విద్యార్థులు 1898లో న్యూయార్క్‌లో జీటా బీటా టావ్‌ని ఎందుకు మొదలుపెట్టుకున్నారో, 1990ల్లో మనవాళ్ల పిల్లలూ దాదాపు అందుకే పెట్టుకున్నారు. వలస వచ్చిన కుటుంబాల్లో అక్కడే పుట్టిన మొదటి తరం కాలేజీకి వచ్చేసరికి, పాత సంఘాల్లో తమలాంటివాళ్లు కనపడలేదు. 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో వచ్చింది. 1998లో ఒక్క టెక్సస్‌లోనే మూడు పుట్టాయి: ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, అమ్మాయిల కోసం కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో అమ్మాయిలదే డెల్టా ఫై ఒమేగా. 1999లో లాస్ ఏంజిలెస్‌లో బీటా కై థీటా. వీటిలో తెలుగు, తమిళ, గుజరాతీ, పంజాబీ, పాకిస్తానీ, బంగ్లాదేశీ పిల్లలందరూ కలిసే ఉంటారు. ఇంట్లో తెలుగు సంఘం పండగలకి వెళ్లిన పిల్లలు ఇక్కడ భాంగ్రా నేర్చుకోవడం మామూలే. చాలావాటికి పెద్ద ఇళ్లుండవు, కాబట్టి ఖర్చు కూడా తక్కువే. మనవాళ్లదే కదా అని కళ్లుమూసుకుని సరే అనకండి, కొత్తవాళ్లని వేధించిన కేసులు వీటిలోనూ ఉన్నాయి.

## చేరే ముందు, చేరాక

రష్, బిడ్, ప్లెడ్జ్ అంటే ఏంటి?

రష్ అంటే చూపులు. సంఘాలు పిల్లల్ని, పిల్లలు సంఘాల్ని చూసుకునే రోజులు. నచ్చినవాళ్లకి ఇచ్చే ఆహ్వానం బిడ్. అది ఒప్పుకుని దీక్ష దాకా గడిపే కాలం ప్లెడ్జ్. నల్లజాతి సంఘాలు 1990లో, సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో ప్లెడ్జ్ పద్ధతినే ఎత్తేశాయి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఆ వారాల్లోనే అని.

హేజింగ్ అంటే మన ర్యాగింగేనా?

చేసే పనులు చాలావరకు అవే. తేడా ఒకటుంది. మన దగ్గర ర్యాగింగ్ జూనియర్ అయిన పాపానికి అందరి మీదా పడుతుంది. అక్కడ ఆ గుంపులో చేరాలన్న ఆశ ఉన్నవాడి మీదే పడుతుంది. అందుకే ఫిర్యాదు బయటికి రాదు, "నేనే ఒప్పుకున్నాను" అంటారు. ఇది కొత్తేమీ కాదు. 1873లోనే కార్నెల్‌లో ఫ్రటర్నిటీలో చేరబోతున్న ఒక కుర్రాడు దీక్ష రాత్రి లోయలో పడి చనిపోయాడు. ఇప్పటి చావులకి చాలావరకు కారణం బలవంతంగా తాగించడం. 2017లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో, బిడ్ ఒప్పుకున్న మొదటి రాత్రే ఒక విద్యార్థి అలా తాగి మెట్లమీంచి పడ్డాడు, గంటల తరబడి ఎవరూ అంబులెన్స్‌ని పిలవలేదు. తరవాత ఆ రాష్ట్రం చట్టం కఠినం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. అమెరికాలో చట్టాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి.

మావాడు చేరతానంటున్న చాప్టర్ ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలి?

జాతీయ సంస్థ వెబ్‌సైట్ చూసి లాభం లేదు, అన్నీ బాగానే ఉంటాయి. 2024 డిసెంబరులో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం, ఏ సంఘం హేజింగ్ చేసి దొరికిందో కాలేజీలు తమ వెబ్‌సైట్లో ప్రకటించాలి. ముందు అది వెతకండి. చాప్టర్ సస్పెన్షన్‌లో ఉందా, ఈమధ్యే తిరిగొచ్చిందా అని కాలేజీలో గ్రీక్ లైఫ్, అంటే ఈ సంఘాల వ్యవహారాలు, చూసే ఆఫీసుకి ఫోన్ చేసి అడగొచ్చు. చందా, ఇంటి అద్దె, భోజనం, జరిమానాలు విడివిడిగా రాసిమ్మనండి. కొత్తవాళ్ల కార్యక్రమాలు ఏయే రోజుల్లో ఉంటాయో ముందే చెప్పలేనివాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండటం మేలు.

ఎంఎస్ చదువుతున్నాను. ఫై కప్పా ఫై నుంచి ఆహ్వానం, ఫీజు కట్టమన్నారు. ఫ్రాడా?

ఫై కప్పా ఫై నిజమైన సంస్థే. 1897లో మెయిన్ యూనివర్సిటీలో పుట్టిన ఆనర్ సొసైటీ, మార్కులు చూసి పిలుస్తుంది. ఇంజనీరింగ్ వాళ్లకి టావ్ బీటా పై (1885, లీహై యూనివర్సిటీ) అలాంటిదే. వీటికీ ఇళ్లూ పార్టీలూ ఉన్న ఫ్రటర్నిటీలకీ సంబంధం లేదు, అవి ఎక్కువగా డిగ్రీ పిల్లలవి. అయితే ఇలాంటి గ్రీకు పేర్లు తగిలించుకుని డబ్బు గుంజే సంస్థలూ ఉన్నాయి. మీ యూనివర్సిటీలో ఆ చాప్టర్ ఉందో లేదో డిపార్ట్‌మెంట్‌లో అడిగాకే కార్డు నంబరు ఇవ్వండి. రెజ్యూమెలో ఒక లైను వస్తుంది, దాంతో ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకోకండి.

చేరాక నచ్చకపోతే మానేయొచ్చా?

దీక్షకి ముందైతే ఏ రోజైనా వచ్చేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. దీక్ష తరవాత లిఖితపూర్వకంగా రాజీనామా ఇవ్వాలి. అమ్మాయిలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే ఉమ్మడి మండలిలోని సొరోరిటీల్లో ఒకదాంట్లో దీక్ష తీసుకుంటే, మానేసినా మిగతావాటిలో చేరనివ్వరు. సభ్యత్వం పోయినా ఇంటి అగ్రిమెంటు పోదు. ఏడాదికి సంతకం పెట్టి ఉంటే ఆ అద్దె కట్టాల్సి రావొచ్చు, కాబట్టి సంతకానికి ముందు ఆ కాగితం ఇంటికి పంపించమనండి, ఒకసారి మీరూ చదవండి.